అద్దె ఇంట్లో క్రెష్ పెడుతున్నారా? ముందు ఆ హాల్లో ఒకసారి పాకి చూడండి

మీరూ మీ వదినా కలిసి విశాఖలో ఒక అద్దె ఇంట్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు క్రెష్ పెడదామనుకుంటున్నామని, గోడల మీద ఏ బొమ్మలు వేయించాలి, ఏ ఆట వస్తువులు కొనాలి అని అడిగారు. కాకినాడలో చాలా ఏళ్లు క్రెష్ నడిపాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, గోడల సంగతి వదిలేయండి. అంత డబ్బు పోసి వేయించిన జిరాఫీ తలకాయ ఏడాది పిల్లకు అవసరం లేదు. ఆ వయసు వాళ్ల లోకమంతా నేల నుంచి రెండడుగుల ఎత్తులోపే ఉంటుంది.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు ఖాళీ హాల్లో మోకాళ్ల మీద పాకుతూ ఒక చుట్టు తిరగండి. ప్లగ్ పాయింట్లు, తలుపు సందులు, గట్టు అంచులు, ఇన్వర్టర్ వైర్లు అప్పుడే కంటపడతాయి. మేడ మీద ఇల్లయితే ఎంత చవకైనా వద్దు. నేల నున్నటి టైల్స్ అయితే తడి కాళ్లతో పిల్లలు జారతారు, గరుకువి వేయించుకోండి. ఆయా నోట రోజంతా ‘వద్దు, వద్దు’ అన్న మాటే వినిపిస్తోందంటే తప్పు పిల్లలది కాదు, ఆయాది కూడా కాదు, ఆ గదిది. ముట్టుకోకూడనివేవీ అందుబాటులో లేకుండా చేస్తే ఆ మాట అనే అవసరమే రాదు.

అలాగని అన్నీ మెత్తగా, చదునుగా చేసేయమని నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో హాలు నుంచి వెనక వరండాలోకి రెండు మెట్లు దిగాలి. చూసినవాళ్లంతా వాటిని సిమెంటుతో పూడ్చేయమన్నారు. నేను వడ్రంగిని పిలిచి, ఆ రెండింటి మీద నాలుగు వెడల్పాటి చెక్క మెట్లు కట్టించాను. ఒక్కోటి జానెడు ఎత్తు కూడా ఉండదు. పక్కన పిల్లల చేతికందే కడ్డీ, కింద దళసరి చాప, ఆయా లేనప్పుడు మూయడానికి పైన చిన్న గేటు.

ఒక మధ్యాహ్నం పదకొండు నెలల బాబు ఒకడు ఆ అంచుకు వచ్చి ఆగాడు. చెయ్యి కిందికి చాచి లోతు చూశాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాచాడు. మా ఆయా కింది మెట్టు మీద కూర్చుని, వాణ్ని ముట్టుకోకుండా చేతులు సిద్ధంగా పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే వాళ్ల మామ్మగారు తీసుకెళ్లడానికి వచ్చి “అయ్యో, పడిపోతాడే, పట్టుకోవే!” అని కేకేశారు. ఆవిడ చెయ్యి పట్టుకుని “ఒక్క నిమిషం చూడండి పిన్నిగారూ” అన్నాను. వాడు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఒక కాలు గాల్లో వెతికింది, వేళ్లు చెక్కకు తగిలాయి. తన కాలి వంక తనే చూసుకున్నాడు. దిగాడు, మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఆవిడ వెళ్లడం మానేసి వరండాలో కూర్చుండిపోయారు. కొన్నాళ్లకు, ఇంట్లో మంచం మీంచి కూడా వెనక్కి తిరిగి కాళ్లతోనే దిగుతున్నాడని ఆవిడే చెప్పారు.

హంగరీలో ఎమ్మి పిక్లర్ అనే పిల్లల డాక్టరు 1946లో బుడాపెస్ట్‌లో పసిపిల్లల కోసం ఒక హోమ్ మొదలుపెట్టారు. తనంతట తాను కూర్చోలేని పిల్లను మనం కూర్చోబెట్టకూడదు, నిలబెట్టకూడదు అన్నది ఆవిడ పద్ధతి. ఆ మెట్ల దగ్గర నేను చూసింది అదే. నడక రాని పిల్లల్ని నిలబెట్టి తిప్పే చక్రాల వాకర్లయితే గుమ్మంలోకే రానివ్వకండి. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. మన దగ్గర ఇంకా బారసాలకు బహుమతిగా ఇస్తున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది.

నిద్ర గది విషయంలో మాత్రం మామ్మలతో గొడవ తప్పదు. ఆవాల దిండు తెస్తారు. ఏడాదిలోపు పిల్లల్ని గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండూ బొంతా ఏవీ ఉండకూడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992 నుంచీ బోర్లా పడుకోబెట్టవద్దని చెబుతోంది. చీర ఉయ్యాల కూడా క్రెష్‌లో వద్దు, కదలడం వచ్చిన పిల్లకు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. మువ్వల గజ్జెలు, పిన్నీసులు, పూసల తాళ్లు వచ్చిన వెంటనే తీసి పేరు రాసిన డబ్బాలో పెట్టండి, సాయంత్రం తిరిగి ఇవ్వండి. టిష్యూ రోల్ లోపలి అట్ట గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా మూడేళ్లలోపు పిల్ల గొంతులో అడ్డుపడగలదు. బాత్రూంలో బకెట్లు ఎప్పుడూ బోర్లించి ఉంచండి, రెండంగుళాల నీళ్లు కూడా పసిపిల్లకు ప్రాణాంతకమే.

ఆట వస్తువులంటారా, బ్యాటరీలవి కొనకండి. స్టీలు గిన్నెలు, మూతలు, కొబ్బరి చిప్పలు, గుడ్డ సంచులు చాలు. మీకు ఏటికొప్పాక దగ్గరే కదా, అంకుడు కర్రతో చేసి లక్క పూసిన గిలక్కాయలు, బొంగరాలు స్వయంగా వెళ్లి ఎంచుకోండి, సహజ రంగులవేనని అడిగి మరీ తీసుకోండి. ఒక కిటికీ మాత్రం పిల్ల నిలబడితే వీధి కనిపించేంత కిందికి ఉండాలి. కూరల బండి, ఆవు, చెత్త ఆటో చూస్తూ మా పిల్లలు మరచిపోయినంత ఏడుపు ఏ టీవీ రైమ్స్‌తోనూ మరచిపోలేదు. ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలకు మించకూడదు.

డైపర్ మార్చే బల్ల గోడకు ఎదురుగా వేస్తారు చాలామంది. అప్పుడు ఆయా వీపు మిగతా పిల్లల వైపు ఉంటుంది. బల్ల తిప్పి వేయండి, పక్కనే చేతులు కడుక్కునే కుళాయి ఉండాలి, అన్నం కలిపే చోటు దానికి దూరంగా ఉండాలి.

ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచీ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వచ్చి బిడ్డను చూసుకోవచ్చు. కాబట్టి మీ దగ్గరికి కంపెనీలు వస్తాయి. పాలిచ్చే తల్లికి వీపు ఆనే కుర్చీ, ఒక కర్టెన్ ముందే అమర్చుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక కంపెనీవాళ్లు సీసీ కెమెరాలు ఎన్నని అడిగారు గానీ, ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలని అడగనే లేదు. ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. పసిపిల్లను కాపాడేది పక్కనున్న మనిషి. ఆ మనిషికి సరైన జీతం, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి చోటు ఇవ్వాలి. గోడ బొమ్మలకని దాచిన డబ్బుతో ఇంకో ఆయాను పెట్టుకోండి, ఆవిణ్ని ఇల్లు చూడటానికి కూడా వెంట తీసుకెళ్లండి.