అల్లుడూ, విప్పే ముందు గుర్తు పెట్టు

అల్లుడికి,

నీ మెసేజ్ చూశాను. బండి కదిలేటప్పుడు వెనక నుంచి ఠక్‌మంటోందనీ, రివర్స్ వేస్తే ఇంకా గట్టిగా వినిపిస్తోందనీ, ఈ ఆదివారం డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వైపుల చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) బుష్‌లు, అంటే దాన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లు, మార్చేస్తాననీ రాశావు. మార్చు, కాదనను. కానీ సామాను ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి బండి కిందికి చూడు. ప్రొపెల్లర్ షాఫ్ట్ (డిఫరెన్షియల్‌కి తిప్పుడు తెచ్చే పొడుగు గొట్టం) క్రాస్ జాయింట్ అరిగినా, దాని సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగినా, ఇంజన్ మౌంటింగ్ కుంగినా అచ్చం ఇదే చప్పుడు వస్తుంది. అన్నీ మార్చుకుంటూ పోయి ఆఖర్న అసలుది పట్టుకున్న వాళ్ళను చాలామందిని చూశాను.

ముందు నీ బండి ఏ రకమో తేల్చుకో. వెనక చక్రాలు రెండూ దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ అయితేనే డిఫరెన్షియల్‌కి వేరే మౌంటింగ్‌లు ఉంటాయి. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకటే గట్టి ఆక్సిల్ ఉంటే డిఫరెన్షియల్ దాని కడుపులోనే ఉంటుంది, ఈ బుష్‌ల గొడవే ఉండదు. అప్పుడు చూడాల్సింది ఆక్సిల్‌ని పట్టుకున్న ఆర్మ్‌ల బుష్‌లు. నీది ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు వైపు డిఫరెన్షియల్ మౌంటింగ్‌లను కూడా మర్చిపోకు. చప్పుడు వెనక నుంచి వస్తున్నట్టు చెవికి అనిపించినా అసలు దోషం ముందు ఉండొచ్చు, బాడీ అంతా ఇనుమే కదా.

బుష్ ఎందుకు పోతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో కూడా తెలుస్తుంది. డిఫరెన్షియల్‌లో పీనియన్ అనే చిన్న గేరు, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుని తిప్పుతూ దాని మీదకి ఎగబాకాలని చూస్తుంది. అందుకే ఆక్సిలరేటర్ తొక్కగానే వెనక డిఫరెన్షియల్ మూతి (షాఫ్ట్ వచ్చి కలిసే ముందు భాగం) పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది, రివర్స్‌లో ఇంకా కిందికి నొక్కుకుంటుంది. 200 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చే ఇంజన్ అనుకో. మొదటి గేరులో మూడున్నర రెట్లు, ఫైనల్ డ్రైవ్‌లో (ఆ పీనియన్, క్రౌన్ వీల్ దగ్గర) ఇంకో నాలుగు రెట్లు, చక్రాల దాకా వచ్చేసరికి 2,800 అవుతుంది. లో రేంజ్ (నిదానంగా, బలంగా లాగే గేరు) వేస్తే అది మళ్ళీ రెట్టింపు దాటుతుంది. ఆ గుంజుడంతా ఓర్చుకునేది పిడికెడు రబ్బరు. దానికి తోడు పీనియన్ సీలు కారుతుంటే ఆయిల్ తాగి ఉబ్బి, మెత్తబడి, చెయ్యి పెడితే నల్లగా అంటుకుంటుంది. అలా కనిపిస్తే సీలు కూడా మార్చు, లేకపోతే కొత్త బుష్‌కీ అదే గతి.

పరీక్ష సులువే. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, కెమెరా డిఫరెన్షియల్‌ని చూసేలా బండి కింద పెట్టు. చక్రాల ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, సీట్లో కూర్చుని బ్రేక్ గట్టిగా తొక్కి, గేరు ముందుకీ వెనక్కీ మార్చు. ఆ సమయంలో మనిషి మాత్రం కిందికి దూరకూడదు. వీడియోలో మూతి కొద్దిగా కదిలితే సహజం, వేలు మందాన ఎగిరిపడితే బుష్ పోయినట్టే. తర్వాత ఇంజన్ ఆపి, టార్చ్ వేసి చూడు. రబ్బరుకీ లోపలి ఇనుప గొట్టానికీ మధ్య చీలిక ఉంటుంది. కొన్ని చోట్ల డిఫరెన్షియల్ హౌసింగ్ (బయటి డొల్ల) వచ్చి క్రాస్ మెంబర్‌కి (బండి కింద అడ్డంగా ఉండే దూలానికి) కొట్టుకున్న మెరుపు మచ్చ కూడా దొరుకుతుంది. ఆ మచ్చ దొరికితే ఇంక అనుమానమే అక్కర్లేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని జాకీ ఎక్కించేటప్పుడు హ్యాండ్ బ్రేక్‌ని నమ్మకు. కొన్ని బండ్లకి ఆ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, షాఫ్ట్ మీద ఉంటుంది. ఒక చక్రం గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని తిరగనిచ్చి బండిని దొర్లిస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉంటే ఆటోమేటిక్‌లో పార్క్ వేసినా బండిని పట్టదు. కాబట్టి నేల మీదున్న చక్రాలకి దిమ్మలు, బండి కింద స్టాండ్లు. స్టాండ్లు బాడీ జాకీ పాయింట్ల కిందే పెట్టు, విప్పబోయే క్రాస్ మెంబర్ కింద కాదు. జాకీ మీద బండిని వదిలేసి కింద పడుకోవడం మాత్రం నేను విన్నానంటే ఫోన్‌లోనే తిడతాను.

ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టు. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్ (బోల్టులు పట్టే అంచు) మీద రెండు ముక్కలకీ కలిపి పెయింట్‌తో ఒక గీత గీయి. గీత కలవకుండా బిగిస్తే బాలెన్స్ తప్పి వణుకు మొదలవుతుంది, ఆ నింద కొత్త బుష్ మీద పడుతుంది. గాలి ఆడే బ్రీదర్ గొట్టం, సెన్సార్ వైర్లు, ఎలక్ట్రిక్ కప్లింగ్ ఉంటే దాని సాకెట్ ముందే ఊడదీసి పక్కకి కట్టు. ఆక్సిల్ షాఫ్ట్‌లను గాల్లో వేలాడనీయకుండా తీగతో పైకి కట్టు, లేకపోతే జాయింట్లు దెబ్బతింటాయి. డిఫరెన్షియల్ చూడ్డానికి చిన్నదే గానీ బాగా బరువుంటుంది. ట్రాలీ జాకీ మీద చెక్క ముక్క వేసి, ఇంకో మనిషి తోడుండగా దింపు.

పాత బుష్ తీయడంలోనే అసలు పనంతా ఉంది. దాన్ని నిప్పుతో కాల్చొద్దు. పొగ మంచిది కాదు, అల్యూమినియం హౌసింగ్ అయితే వంకర పోతుంది కూడా. రబ్బరులో వరసగా డ్రిల్ చేసి లోపలి గొట్టం లాగేసెయ్. తర్వాత హ్యాక్సా బ్లేడుతో బయటి గొట్టాన్ని ఒక చోట కొయ్యి, ఇంచుమించు తెగేదాకా మాత్రమే.  మిగతాది ఉలితో లోపలికి ముడిస్తే ఊడొస్తుంది. హౌసింగ్‌కి గీత పడితే కొత్త బుష్ వదులుగా కూర్చుంటుంది.

కానీ ఇదంతా మొదలుపెట్టే ముందు ఇంకో గుర్తు ఉంది. చాలా బుష్‌ల రబ్బరులో ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిక్కున ఉండాలో లెక్క ఉంటుంది. మెత్తగా ఉండాల్సిన దిక్కు వేరు, గట్టిగా ఉండాల్సిన దిక్కు వేరు. నేను కుర్రతనంలో ఒకసారి తొందరపడి అడ్డంగా నొక్కేశాను. బండి బాగానే నడిచింది గానీ మూడో గేరు దాటాక క్యాబిన్ నిండా ఊళ. రెండో రోజు అదే బుష్‌ని కోసి పారేసి ఇంకోటి వేశాను. అందుకే పాతది ఉన్నప్పుడే ఖాళీ ఎటుందో హౌసింగ్ మీద గీసుకో, ఎంత లోతున కూర్చుందో కొలిచి రాసుకో, ఫోటో కూడా తీసుకో.

కొత్తదాన్ని రెండు గంటలు ఫ్రీజర్‌లో పెడితే నలుసంత కుంచించుకుంటుంది. హౌసింగ్ శుభ్రం చేసి, సబ్బు నీళ్ళు రాసి, పొడుగు బోల్టూ గొట్టాలతో మెల్లగా లాగు. ఆయిల్, గ్రీజు రాయకు. ఒత్తిడి బయటి ఇనుప గొట్టం మీదే పడాలి, రబ్బరు మీద పడకూడదు. వంకరగా మొదలైందనిపిస్తే సుత్తి పట్టుకోకు, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టు.

రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్‌లాంటి పాలీయురెథేన్ బుష్‌లు వేయనా అని అడిగావు. రోజూ తిరిగే బండికి నేనైతే వేయను. మూతి ఎగరడం తగ్గుతుంది, బదులుగా గేర్ల గోల సీటు దాకా వస్తుంది. కంపెనీ రబ్బరే వేసుకో, అన్నీ ఒకేసారి మార్చు. ఒక్కటే కొత్తదైతే బరువంతా దాని మీదే పడుతుంది.

బిగించేటప్పుడు ముందు బోల్టులన్నీ వదులుగా ఎక్కించు. డిఫరెన్షియల్ తన బరువుతో సర్దుకున్నాక, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి రెంచ్‌తో బిగించు. చక్రాలు నేల మీద పెట్టి బిగించాలని ఎవరైనా చెబితే, ఆ మాట సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లకి. ఆర్మ్ పైకీ కిందికీ ఆడుతుంది గాబట్టి. ఒకసారే వాడాల్సిన బోల్టులని రాసి ఉంటే కొత్తవే వెయ్యి.

ఎలాగూ దింపావు కాబట్టి గేర్ ఆయిల్ మార్చెయ్. ముందు నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకో, ఆ తర్వాతే కింది ప్లగ్ ముట్టుకో. తిరగబడి చేస్తే ఖాళీ డిఫరెన్షియల్‌తో బండి ఇంటిముందే ఉండిపోతుంది. ప్లగ్‌కి ఉండే అయస్కాంతం మీద బూడిదలాంటి ముద్ద ఉంటే సహజమే. ఇనుప పలుకులు తగిలితే పని ఆపి నాకు ఫోన్ చెయ్, అప్పుడు సమస్య బుష్‌లది కాదు.

ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల మీద మళ్ళీ రెంచ్ పెట్టి చూడు. ఆ వీడియో శనివారం రాత్రికల్లా పంపు, ఆర్డర్ సంగతి దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

మీ మావయ్య