కోడి కాలి గడ్డ సంగతి తర్వాత, ముందు ఆ తోక దగ్గర గాయం చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఉలవపాడు దగ్గర పల్లె. మూడేళ్ళుగా ముద్దుగా పెంచుకుంటున్న నాటుపెట్టకి కుడి పాదం కింద గోలీ అంత గడ్డ లేచింది. మధ్యలో నల్లగా పెచ్చు కట్టింది, కుంటుతోంది. బ్లేడుతో కోసి చీము తీసేస్తే సరిపోతుందని పక్కింటివాళ్ళు అంటున్నారు, తీయొచ్చా? ఏ ఆయింట్‌మెంట్ రాయాలి? 12 రోజుల కిందట కుక్క పట్టుకుంటే తోక దగ్గర కూడా గాయమైంది, పసుపు పెడుతున్నాం. ఈమధ్య వాసన వస్తోంది, ఈకల మొదట్లో తెల్లగా నూకల్లాంటివి కనిపిస్తున్నాయి. మావారికి రాసినప్పుడు మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర సగం, నొప్పుల మాత్ర పావు అన్నంలో కలిపి పెడుతున్నాను. ఒక పుంజుపిల్లకి కంటి పక్కన పొక్కులు కూడా వచ్చాయి. గుడ్లు పిల్లలకి పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కాలి గడ్డ గురించి అంత వివరంగా రాసి, నూకల్లాంటివి అన్న మాట మధ్యలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క ముక్కే. అవి చాలావరకు ఈగ గుడ్లు అయ్యుంటాయి. ఒక్క రోజు చాలు అవి పురుగులు కావడానికి. పైకి గాయం రూపాయి బిళ్ళంతే కనిపిస్తుంది గానీ లోపల తోలు కింద కండ తినుకుంటూ పోతాయి. కాలి గడ్డతో కోడి నెలరోజులు కుంటుతుందేమో గానీ, పురుగు పట్టిన గాయంతో రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోవచ్చు. కోడిని చూడకుండా మీరు రాసినదాన్ని బట్టి చెబుతున్నాను కాబట్టి ఇదే ఖాయమని అనుకోకండి, కానీ ఇది చదివిన రోజే పశువైద్యశాలకి తీసుకెళ్ళండి. కుదరకపోతే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం మీ ఊరికి ఎప్పుడు వస్తుందో అడగండి.

ఈలోపు ఇంట్లో చేయగలిగింది ఉంది. కోడిని పాత టవల్లో చుట్టి తల కప్పితే గింజుకోదు. గాయం చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు, తోలు ఊడి వస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చిన్న చెంచాన్నర ఉప్పు కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు సూది తీసేసిన సిరంజితో గాయంలోకి నిదానంగా కొట్టి కడగండి. పురుగులు కనిపిస్తే పట్టకారుతో ఒక్కొక్కటే తీయండి. తర్వాత పొవిడోన్ అయోడిన్ మందుని నీళ్ళలో కలిపి, పల్చటి టీ రంగు వచ్చాక దానితో తుడవండి. కిరోసిన్, సున్నం, టర్పెంటైన్ పోయొద్దు. గేదె పుండుకి పోశాం, దీనికీ పోద్దాం అనుకుంటారు, కోడి తోలు ఉల్లిపొరలాంటిది, తట్టుకోలేదు. దాన్ని మిగతా కోళ్ళతో కలపకండి, ఎర్రగా కనిపించినచోట పొడిచి పొడిచి ఇంకా పెద్దది చేస్తాయి. ఇంట్లోనే, ఈగలు వాలకుండా దోమతెర వేసిన గంప కింద ఉంచండి. కుక్క పంటి గాట్లు పైన చిన్నవిగా ఉండి లోపల లోతుగా ఉంటాయి. గాయం చుట్టూ నొక్కితే తోలు కింద గాలి చేరినట్టు చిటపటమంటే అది కూడా డాక్టరుకి చెప్పండి. ఇంకో మాట, ఆ గొడవలో కుక్క మీలో ఎవరినైనా కరిచినా గీరినా పీహెచ్‌సీకి వెళ్ళండి, 12 రోజులైంది కదా అని వదిలేయకండి.

ఇప్పుడు మాత్రల సంగతి. ఇది రాయకపోతే నాకు మనసు ఒప్పదు. సగం, పావు అని మీరు పెట్టిన లెక్క ఎక్కడిది? మనిషి బరువు 60 కిలోలు, మీ పెట్ట రెండు కిలోలు కూడా ఉండదు. నొప్పుల మాత్ర డైక్లోఫెనాక్ అయితే వెంటనే ఆపేయండి, కోళ్ళకి అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు లక్షల్లో చచ్చిపోయాయి, అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. యాంటీబయాటిక్ కూడా అంతే. తోచినంత కొలతలో, తోచినన్ని రోజులు పెడితే పుండు మానదు సరికదా, మందుకి లొంగని సూక్ష్మజీవులు మిగులుతాయి, అవి మీ ఇంట్లో పిల్లల దాకా వస్తాయి. మనుషుల ప్రాణాధార మందు కొలిస్టిన్‌ని కోళ్ళకి వాడొద్దని 2019లో కేంద్రం నిషేధించింది ఈ భయంతోనే. నా దగ్గరికి వచ్చే కోళ్ళలో సగానికి రోగం కంటే ముందు చేసిన ఇంటి వైద్యమే పెద్ద ఇబ్బంది. మీరు ప్రేమతోనే పెట్టారు, తెలుసు, కానీ ఇకపై పెట్టకండి. గుడ్లు ఇప్పుడు ఎవరికీ పెట్టొద్దు. మందు ఆపాక కూడా ఎన్ని రోజులు ఆగాలో మందుని బట్టి మారుతుంది, పరీక్ష చేసిన డాక్టరునే అడగండి.

కాలి గడ్డకి వస్తే, నల్ల పెచ్చుతో పాదం కింద లేచేది మామూలుగా స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి చేరిన గడ్డ. చిల్లముల్లు గుచ్చుకున్నా, గోడ మీంచి సిమెంటు నేల మీదకి మాటిమాటికి దూకినా పాదం చిట్లి ఇలా వస్తుంది, బరువెక్కిన పెట్టలకి మరీనూ. బ్లేడు మాత్రం పెట్టకండి. కోడి చీము మనకిలా కారదు, జున్నుముక్కలా గట్టిగా పచ్చగా గడ్డకట్టి ఉంటుంది. నొక్కితే బయటికి రాదు, ఇంకా లోపలికి వెళ్తుంది. అక్కడే నరాలు, వేళ్ళని కదిపే తాళ్ళు ఉంటాయి, మత్తిచ్చి తీయాల్సిన పని అది. రోజుకి రెండుసార్లు పది పదిహేను నిమిషాలు గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పాదం నానబెట్టి, తుడిచి, అయోడిన్ అద్ది గుడ్డ కట్టండి. గూట్లో ఇసుక పోయండి. కూర్చునే కర్ర నున్నగా, రెండడుగులకి మించని ఎత్తులో ఉండాలి. వాపు వేళ్ళదాకా గానీ పిక్కదాకా గానీ పాకితే ఆగొద్దు.

పుంజుపిల్ల పొక్కులు కోళ్ళ మశూచి అనిపిస్తోంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో దోమలు పెరిగి ఇది ఎక్కువవుతుంది. వైరస్, దీన్ని చంపే మందు లేదు, పెచ్చులు గీకకుండా ఉంటే చాలావాటికి కొన్ని వారాల్లో రాలిపోతాయి. కన్ను మూసుకుపోతే ఉప్పునీళ్ళతో తుడవండి. నోట్లో తెల్లటి పొర కడితే మాత్రం ఆలస్యం వద్దు. మిగతా ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా వేయించండి. ఇది మనుషులకి అంటదు. పొక్కులు చూసి బర్డ్ ఫ్లూ అనుకోకండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో వచ్చింది కదా, అదైతే ఒక్కసారిగా వరసగా చచ్చిపోతాయి. అలా జరిగితే ముట్టుకోకుండా పశుసంవర్ధకశాఖ వాళ్ళకి చెప్పాలి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పులు రెండూ తీసుకెళ్ళండి, ఏ రోజు నుంచి ఎంత పెట్టారో కాగితం మీద రాసుకోండి. కోడిని గాలాడే గంపలో, కింద పాత గుడ్డ వేసి తీసుకెళ్ళండి. కాళ్ళు కట్టి బండికి తలకిందులుగా వేలాడదీయకండి, దానికి అసలే తోక దగ్గర తోలు చిరిగి ఉంది.