పక్కింటి కుక్కల నుంచి కోళ్లనీ మేకల్నీ కాపాడుకోవడం గురించి నీకో ఉత్తరం

చిన్నా,

పక్కింటి కుక్క నీ కోళ్లని చంపేసిందని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. కోళ్లు పోయినందుకు బాధేసింది కానీ అంతకంటే, "వాళ్ల కుక్కకి బాగానే తిండి పెడతారంట పెద్దమ్మా, ఇంక రాదులే" అన్నావు చూడు, ఆ మాటకి భయమేసింది. వస్తుంది నాయనా. కుక్క ఆకలేస్తేనే కోడిని చంపుతుందనుకోకు, చాలాసార్లు చంపినదాన్ని తినను కూడా తినదు. కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెడితే దానికి వెంటపడాలనిపిస్తుంది, పట్టుకుంటుంది, అది కదలడం ఆగిపోగానే వదిలేసి ఇంకోదాని మీద పడుతుంది, అందుకే కాసేపట్లో గూడంతా ఖాళీ అయిపోతుంది. ఒకసారి ఆ వేట మరిగిన కుక్క మళ్లీ అటే వస్తుంది. ఇంట్లో పిల్లలతో ఎంత మెత్తగా ఉండేదైనా సరే, ఇంకో రెండు కుక్కలు జతయ్యాయంటే వేరే కుక్కే అయిపోతుంది.

కాబట్టి పక్కింటివాళ్లు కుక్కని కట్టేస్తామన్నారు కదా అని ఊరుకోకు. ఒకరోజు తాడు తెగుతుంది, ఒకరోజు పిల్లలు గేటు తీసి వదిలేస్తారు. వాళ్ల మాట ఉన్నా లేకపోయినా నీ జీవాలు క్షేమంగా ఉండేలా నీ కంచె ఉండాలి.

నువ్వు పంపిన ఫోటోలో ఉన్నది ఆరు మూలల కన్నాల సన్న జాలీ. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది అంతే, కుక్కని ఆపలేదు, పళ్లతో పట్టి గుంజితే చిరిగిపోతుంది. గట్టి తీగ వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసేచోటల్లా అతికించిన జాలీ, వేయించు, కన్నం అంగుళం మించకుండా చూసుకో. ఎత్తు 6 అడుగులుంటే నిశ్చింత, 4 అడుగులైతే చాలా కుక్కలు దూకేస్తాయి. కానీ దూకేవాటికన్నా కింద తవ్వుకుని దూరేవే ఎక్కువ. కుక్క సరిగ్గా కంచె మొదట్లోనే తవ్వుతుంది, అందుకని ఇంకో మెష్ ముక్కని కంచె అడుక్కి కట్టి బయటివైపు నేలమీద 2 అడుగుల వెడల్పున పరిచి, మేకులు దిగ్గొట్టి పైన మట్టి కప్పేయ్. గోళ్లకి తీగ తగులుతుంది, రెండడుగులు వెనక్కెళ్లి తవ్వాలని దానికి తట్టదు. లోతుగా కందకం తవ్వి మెష్ పాతేకంటే ఇదే తేలిక, పనిచేయడం కూడా బాగా పనిచేస్తుంది.

గూడు చుట్టూ కింద రెండడుగులు రేకో చెక్కో కొట్టు, లోపల కోళ్లు తిరగడం కుక్కకి కనపడకూడదు. కనపడితే అది రాత్రంతా అక్కడే చుట్టూ తిరుగుతుంది, కోళ్లు బెదిరి ఒక మూలకి చేరి ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక చచ్చిపోతాయి, కుక్క ముట్టుకోకుండానే. కోళ్లు ఎక్కి పడుకునే కర్ర కూడా మెష్‌కి ఆనించి పెట్టకు. గడియ మూతితో తోస్తే తెరుచుకునేది కాకుండా, ఎత్తి తిప్పితే తప్ప రానిది పెట్టు.

ఇంకా గట్టిగా కావాలంటే కంచె తీగలకి షాక్ ఇచ్చే ఝట్కా మెషిన్ పెట్టు. అది ఆగి ఆగి దెబ్బ కొడుతుంది, చురుక్కుమంటుంది గానీ ప్రాణం తీయదు. తీగలు కుక్క ముక్కు ఎత్తులో ఉండాలి, ఒకటి నేలకి 8 అంగుళాల్లో, ఇంకోటి 18 అంగుళాల దగ్గర. గడ్డి పెరిగి తీగకి తగిలితే పవర్ అంతా నేలలోకి పోతుంది, కోస్తూ ఉండాలి. ఇంటి కరెంటు మాత్రం ఎప్పుడూ నేరుగా కంచెకి ఇవ్వకు, మనుషులు పోతారు, చెప్తున్నా విను.

మేకల్ని బయట తాడుతో కట్టేసి ఎవరూ లేకుండా వదిలెయ్యడం మానెయ్. కట్టేసిన మేక పరిగెత్తలేదు, కుక్కకి దానికంటే సులువైంది ఇంకోటి లేదు. రాత్రికి ఇంటి దగ్గర దొడ్డిలోకి తోలెయ్. ఈనినప్పుడు మాయ, చచ్చిన కోడి, ఇవి అలా పడేస్తే వాసనకి ఎక్కడెక్కడి కుక్కలూ వస్తాయి, వెంటనే లోతుగా పూడ్చెయ్. గిన్నికోళ్లూ బాతులూ అరిచి లేపుతాయే గానీ కాపాడలేవు. కాపలా కుక్క పెంచాలంటే కూనగా ఉన్నప్పుడే మందలో కలపాలి, అది పనికొచ్చేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది, ఇప్పటికిప్పుడు అయ్యేది కాదు.

పక్కింటివాళ్లతో కోపం తగ్గాకే మాట్లాడు, మంది ముందు కాదు. చచ్చిన కోళ్ల ఫోటోలు, తేదీ, టైము దగ్గర పెట్టుకో, వీలైతే ఒక కెమెరా పెట్టు, ఎందుకంటే ఏ కుక్కో చూపించలేకపోతే మాది కాదనేస్తారు, నిజంగానే వాళ్లది కాకపోవచ్చు కూడా. "మీ కుక్క మంచిదే, రాత్రిళ్లూ తెల్లారుజామునా కట్టేయండి చాలు" అని అడుగు. మగకుక్కైతే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించమను, ఊరి మీద తిరగడం చాలావరకు తగ్గుతుంది. నష్టం ఇవ్వమని అడగడం తప్పేం కాదు. వినకపోతే అప్పుడు కంప్లయింట్, దానికి చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీ దగ్గరిది ముందే కనుక్కో.

విషం పెట్టే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినకు. ఆ కుక్క తింటుందో లేదో తెలియదు, ఎవరింటి పిల్లాడు ముట్టుకుంటాడో తెలియదు, పైగా ఆ చావు ఏ ప్రాణికీ రాకూడనిది.

ఇక ఎప్పుడైనా మేకని కరిస్తే పైన చిన్న గాటే కనిపిస్తుంది, లోపల కండంతా చీలిపోయి ఉంటుంది, కాబట్టి చిన్నదే కదా అని వదిలెయ్యకు. చేతికి గ్లౌజులు వేసుకుని బొచ్చు కత్తిరించి, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆరోజే డాక్టర్‌కి చూపించు, రేబిస్ టీకా, ధనుర్వాతం సూది, యాంటీబయాటిక్ గురించి అడుగు. ఈగలు వాలనివ్వకు, ఒక్కరోజులోనే పురుగులు పడతాయి. నిన్ను కరిస్తే నువ్వూ అలాగే కడుక్కుని వెంటనే హాస్పిటల్‌కి పో, రేపు చూద్దాంలే అనొద్దు. దెబ్బతిన్న కోడిని చీకటిగా వెచ్చగా ఉండే అట్టపెట్టెలో ఒక్కదాన్నే ఉంచి నీళ్లు పెట్టు. చూడి మేకల్ని కుక్క ఊరికే తరిమినా చాలు, తర్వాత రోజుల్లో ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు, వాటిని గమనిస్తూ ఉండు.

గూడు వెనకవైపు నేల దగ్గర ఎలా ఉందో ఫోటో తీసి పంపు, మెష్ ఎంత పడుతుందో చూసి చెప్తాను. అప్పటిదాకా కోళ్లని బయటికి వదలకు.

మీ పెద్దమ్మ