ఆగితే ఆగు, జడ మాత్రం వదిలి వెళ్ళు

చిట్టీ,

నిన్న ఫోన్‌లో అరిచినందుకు ఏమీ అనుకోకు. అరిచింది నీ మీద కాదు. సరే, సగం నీ మీదే, మిగతా సగం ముప్పై అయిదేళ్ళ కిందటి నా మీద. కాలి ఎముకలో సన్న పగులుందన్నారట, ఈ సీజన్ మొత్తం స్కేటింగ్ పోటీలకి దూరంగా ఉంటానని నువ్వే కోచ్‌కి చెప్పొచ్చావట. మీ అమ్మకి "క్యూయో"కీ "ఇన్‌తాయ్"కీ తేడా తెలీక నువ్వు పూర్తిగా మానేస్తున్నావనుకుని ఏడ్చింది. జపనీస్‌లో మొదటిది విశ్రాంతి, రెండోది విరమణ అని చెప్పి, ఊరుకోబెట్టి, ఫోన్ పెట్టేశాక నాకు భయమేసింది. కాసేపయ్యాక, అబద్ధమెందుకు, గర్వంగా కూడా అనిపించింది. నీ వయసులో నొప్పిగా ఉందన్న మాట నా నోట రాలేదు.

ఇదంతా ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ ఇంకేదో చూసుకుంటావు, అందుకే రాస్తున్నా.

డాక్టర్ చెప్పినన్ని వారాలు ఆగు, ఒక్క రోజు తక్కువైనా ఒప్పుకోను. ఇచ్చిన వ్యాయామాలు చెయ్యి. బ్లేడ్లు పొడిగుడ్డతో తుడిచి పెట్టు, తుప్పు పడతాయి. ఇవి నీకు తెలిసినవే.

ఇక తిండి. నవ్వకు. రింక్‌కి వెళ్ళని రోజు తినకూడదన్నట్టు ఉంటారు మీ ఆడపిల్లలు, చూస్తూనే ఉన్నా. మన నగోయా ఉన్న ఐచీ ప్రాంతం పిల్లే, తొయొహాషి అమ్మాయి, స్కేటర్ అకికో సుజుకి, పద్దెనిమిదేళ్ళకి కాలేజీకని సెందాయ్ వెళ్ళి, సన్నబడాలని తిండి మానేసి, 32 కిలోలకి వచ్చేసింది. 2003-04 సీజన్ మొత్తం పోయింది. ఆ పిల్లే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడింది, 2013 డిసెంబర్‌లో 28 ఏళ్ళ వయసులో జపాన్ ఛాంపియన్ అయింది. లేచి వచ్చిందని అందరూ మెచ్చుకుంటారు, నాకు మాత్రం వాళ్ళమ్మే గుర్తొస్తుంది, ఆ ఏడాది వంటింట్లో ఎలా నిలబడిందో అని. నువ్వు బరువెక్కితే ఎక్కుతావు, మళ్ళీ దిగుతావు, ఎముక అతకాలంటే మాత్రం తినాలి. ఆదివారం పప్పు, నెయ్యి పంపిస్తా, డబ్బా ఖాళీగా తిరిగి రావాలి, అదీ నీ కడుపులోకి వెళ్ళి, రూమ్‌మేట్ కడుపులోకి కాదు.

ఒక ఏడాది ఆగితే అంతా అయిపోతుందని మీ నాన్న అంటున్నాడట. ఆయన మోటారు పార్టుల లెక్కలు చూసుకుంటే మంచిది. 2008లో దాయిసుకే తకహాషికి మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ మొత్తం ఆడలేదు. తర్వాతి ఒలింపిక్స్, 2010 వాంకూవర్‌లో కంచు తెచ్చాడు, జపాన్ మగవాళ్ళలో అదే మొదటి ఒలింపిక్ పతకం, ఆ మార్చిలోనే ప్రపంచ ఛాంపియన్. మాయి మిహారా కీళ్ళ జబ్బు మనిషి, 2019-20 అంతా ఇంట్లోనే, 2022లో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచింది. అమెరికా అమ్మాయి అలీసా లూ పదహారేళ్ళకే మానేస్తున్నానని వెళ్ళిపోయి, రెండేళ్ళయ్యాక తిరిగొచ్చి, 2025 మార్చిలో బాస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ కూడా అయింది. మీ నాన్నకి ఈ పేరా చదివి వినిపించు.

అందరికీ అలా కలిసి రాదు, ఆ మాటా చెప్పాలి. మన మావో అసాదా 2014లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఒక ఏడాది ఆగింది. కొనసాగుతావా అని అడిగితే "హాఫ్ హాఫ్" అంది, గుర్తుందా, నీకప్పుడు పదేళ్ళు, ఆ మాట పట్టుకుని హోమ్‌వర్క్ చేశావా అంటే హాఫ్ హాఫ్ అనేదానివి. వచ్చీ రాగానే చైనాలో గెలిచింది, అంతా మళ్ళీ మొదలైందనుకున్నాం. 2016 డిసెంబర్ జాతీయ పోటీల్లో పన్నెండో స్థానం. ఆ రాత్రి టీవీ కట్టేసి మీ పెదనాన్న ఏమీ మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నారు. ఏప్రిల్‌లో విరమణ ప్రకటించింది. అయినా ఆ ఏడాది వృథా అని ఆమె గురించి నేను అనను, ఎవరైనా అంటే ఊరుకోను కూడా.

ఇంతకీ నేను అరిచింది ఎందుకో చెబుతా. మీ అమ్మ మాటల్లో ఒక ముక్క దొర్లింది. మీ కాలేజీ జట్టు కెప్టెన్‌తో నువ్వు "నా పేరు తీసేయకండి, జనవరి ఇంటర్‌కాలేజీ పోటీలకి వచ్చేస్తానేమో" అన్నావట. అది వినగానే నా ఒళ్ళు జలదరించింది.

1990. బెజవాడ. మా కూచిపూడి బృందంలో తొమ్మిది మందిమి, సత్యభామ వేషం నాది. సత్యభామ అంటే ఏముంది, జడే కదా! తెర వెనకనుంచి ఆ జడ తెర మీదుగా వేసి, నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలు. మా బృందానికి ఒక్కటే జడ ఉండేది, జరీ, పూసలు, కుచ్చులు, ఎత్తితే చంటిపిల్లంత బరువు. ఆ శీతాకాలం కుడి కాలి ముందు ఎముకలో నొప్పి మొదలైంది, సిమెంటు గచ్చు మీద ఆడీ ఆడీ. సంక్రాంతి దాటాక డాక్టర్ మూడు నెలలు ఆడొద్దన్నాడు. మాస్టారికి రెండు వారాలని చెప్పా. అప్పటికి బృందంలో ఒక పదిహేడేళ్ళ పిల్ల ఉండేది, వెనక వరసలో నిలబడి చూసి చూసి నా దరువులన్నీ నేర్చేసుకుంది, నేను పక్క గదిలో ఉన్నప్పుడు నా లాగే తల తిప్పేది. మాస్టారు అడిగారు, "నువ్వొచ్చేదాకా ఆ పిల్లకి చెప్పమ్మా, తను చేస్తుంది" అని. నేనేమన్నానో తెలుసా? "నేనొచ్చేస్తాగా మాస్టారూ" అన్నా. అని ఊరుకున్నానా, వెళ్తూ వెళ్తూ, పాడవుతుందన్న వంకతో, జడ నా పెట్టెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయా.

రెండు వారాలన్నది నాలుగైంది, తర్వాత ఆరు. ఒక కార్యక్రమం రద్దయింది. రెండోదీ రద్దయింది. డబ్బులిచ్చినవాళ్ళు ఇంటికొచ్చి అడుగుతుంటే మాస్టారు నా పేరు చెప్పలేదు. ఆ పిల్ల ఒకసారి మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి "అక్కా, జడ..." అంది. తలనొప్పిగా ఉందని చెప్పి పంపేశా. శ్రీరామనవమి పందిట్లో మూడో కార్యక్రమం, పదో వారం ఇంకా నిండలేదు, ఇక సిగ్గేసి నేనే వెళ్ళా. ప్రవేశం సగంలో కాలు నిలవలేదు, కూలబడిపోయా. జనం ఏమనుకున్నారంటే సత్యభామ అలిగి కూర్చుందనుకున్నారు. చప్పట్లు కొట్టారు చిట్టీ, ఆపకుండా. తెర వేసే పిల్లలకి కూడా అర్థం కాలేదు, నేను చెయ్యి ఊపితే గానీ వెయ్యలేదు.

తర్వాత నేనెక్కడా ఆడలేదు. దానికి పెద్దగా బాధ లేదిప్పుడు, నమ్ము. మరుసటేడు బృందం చెదిరిపోయింది, ఆ పిల్లకి పెళ్ళి చేసి పంపేశారు, ఆ జడ ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. అది మాత్రం ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తే గుర్తొస్తుంది. జడ 1994లో నాతోపాటు నగోయా వచ్చింది, బీరువా పైన ఉంది. నీకు చిన్నప్పుడు చూపించమంటే ఎప్పుడూ మాట దాటేసేదాన్ని.

ఇక్కడికొచ్చాక ఈ దేశపు స్కేటింగ్ చూస్తూ నాకు నేనే శిక్ష వేసుకున్నట్టు ఒక్కటే గమనించేదాన్ని: జట్టులో పెద్దామె ఆగిన ఏడాది మిగతావాళ్ళు ఏం చేశారు? మావో ఆగిన ఏడు, 2015 షాంఘై ప్రపంచ పోటీల్లో, పదిహేడేళ్ళ సతోకో మియహారా వెండి తెచ్చింది. మావో పేరు ఖాళీగా అట్టిపెట్టి ఉంటే ఆ పిల్ల ఎక్కడుండేది? తర్వాత ఆ సతోకోకే తుంటి ఎముకలో పగులొచ్చి 2017 హెల్సింకీ ప్రపంచ పోటీలకి వెళ్ళలేకపోయింది. ముగ్గురు వెళ్ళారు, మొదటి ఇద్దరి స్థానాలు కలిపి 13 దాటకపోతే మరుసటేడు ఒలింపిక్స్‌కి మూడు చోట్లు. మిహారా అయిదు, వకాబా హిగుచి పదకొండు. పదహారైంది. రెండే చోట్లు దక్కాయి. ఆ రెంటిలో వకాబాకి చోటు రాలేదు, నాలుగేళ్ళు ఆగి బీజింగ్ వెళ్ళింది. ఇది చదివి, ఆగితే జట్టు మునుగుతుందని పెద్దమ్మ భయపెడుతోందనుకోకు. సతోకో ఆ హెల్సింకీకి కుంటుకుంటూ వెళ్ళి ఉంటే చోట్లూ వచ్చేవి కావేమో, తర్వాత ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అసలే వచ్చేది కాదు. జట్టుకి నష్టం జరిగింది, నిజమే. అయినా ఎవరూ చావలేదు. ఆ ఒలింపిక్స్‌లోనే రెండో చోటులో వెళ్ళిన పిల్ల ఎవరనుకున్నావు? కఓరి సకామోతో. పదిహేడేళ్ళది, ఆరో స్థానం. తర్వాత 2022 నుంచి 2024 దాకా వరసగా మూడేళ్ళు ప్రపంచ ఛాంపియన్. ఆ కఓరి 2025-26 ఒలింపిక్ సీజనే తన చివరిదని ముందే చెప్పేసింది, అది నాకెంత నచ్చిందో. వెనకాల మావో షిమాదా ఉంది, 2023 నుంచి 2025 దాకా మూడుసార్లు జూనియర్ ప్రపంచ ఛాంపియన్, వయసు నాలుగు నెలలు తక్కువై 2026 మిలాన్ ఒలింపిక్స్‌కి వెళ్ళే వీల్లేకపోయింది గానీ, ఆ తర్వాత ఖాళీ ఎప్పుడవుతుందో ఆ పిల్లకి తెలుసు.

నువ్వు కఓరివి కావు. నాకు తెలుసు, నీకూ తెలుసు, మన చూబు ప్రాంతపు పోటీలు దాటి నిషినిహోన్‌కి, అంటే పశ్చిమ జపాన్ పోటీలకి, వెళ్ళడమే మనకి పండగ. అయినా ఆ కెప్టెన్ దగ్గరికి వెళ్ళి పేరు తీసేయమను. రేపే. మొదటేడు పిల్ల ఒకతి నీ వెనకాలే తిరుగుతుందని నువ్వే చెప్పావు, పొద్దున్న ఆరింటి ఐస్ టైమ్ ఆ పిల్లకిచ్చెయ్యి. రింక్‌కి వెళ్ళు, వెళ్ళొద్దనను, గోడ పక్కన నిలబడి ఆ పిల్ల జంప్‌లు చూసి చెప్పు, కానీ నీ బూట్లు ఇంట్లో పెట్టి వెళ్ళు. నీ చేతిలో బూట్లుంటే ఆగవు, నా తోడబుట్టినదాని కూతురివి.

తిరిగొచ్చేటప్పుడు చోటు ఉండదేమోనని కదా నీ భయం. ఉండకపోవచ్చు. వకాబా కూడా బీజింగ్ తర్వాత కాలి ఎముకలో పగులుకే ఒక సీజన్ ఆగింది, నీ లాగే. తిరిగొచ్చి, 2024లో స్కేట్ అమెరికా పోటీ గెలిచింది. తకహాషి అయితే నాలుగేళ్ళు మానేసి, 32 ఏళ్ళకి 2018లో తిరిగొచ్చినప్పుడు, ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్, కిన్‌కి ప్రాంతపు తొలి దశ పోటీల నుంచి మొదలుపెట్టాడు, పిల్లల మధ్య వరసలో నిలబడి. అక్కడ మూడో స్థానం! డిసెంబర్‌లో జాతీయ పోటీల్లో రెండోవాడయ్యాడు, ప్రపంచ పోటీలకి రమ్మంటే కుర్రాళ్ళు వెళ్ళాలని వద్దన్నాడు. ఆ వార్త విన్నరోజు నేను ఓసు గుడి దగ్గర బెంచీ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆదివారం పదకొండింటికి రా. ట్రెయిన్‌లో నిలబడకు, సీటు అడుగు, కాలు చూపించు, మొహమాటపడకు. స్టూల్ ఎక్కలేను, మీ పెదనాన్న చేత జడ దింపించి పెడతా. కుచ్చులు రెండు ఊడాయి, కూర్చుని కుడదాం. సూదిలో దారం నువ్వే ఎక్కించాలి.

మీ పెద్దమ్మ