పికప్‌లో రెయిల్స్ ఎక్కడ బిగించాలి?

బండీ – బాడీ: పాఠకుల ప్రశ్నలకు ఆటోనగర్ షెడ్డు మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రిగారూ, ఈమధ్యే బొలెరో పికప్ తీసుకున్నాను. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు, ఫర్నిచర్ షాపు కిరాయిలే ఎక్కువ. తాడుతో కడితే బీరువాలకి గీతలు పడ్డాయని దించే చోట గొడవ. అమెరికా పికప్‌లలో లోపల గోడలకి రెయిల్స్ బిగించుకుని, కొక్కేల్ని కావాల్సిన చోటికి జరుపుకుంటున్నారు, వీడియోల్లో చూశాను. మా ఊళ్ళో వెల్డింగ్ అతను పక్క డోర్లకి లోపలివైపు ఇనప పైపు అతికిస్తే అదే పని చేస్తుందంటున్నాడు. చేయించమంటారా? రేపు ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్తే ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రెయిల్స్ పెట్టుకోండి, మంచి ఆలోచన. పైపు మాత్రం అతికించనివ్వకండి తమ్ముడూ. అందులోనూ పక్క డోర్లకి అసలే వద్దు.

మీరు వీడియోలో చూసిన బండి వెనక భాగం ఒకటే తొట్టి. పక్క గోడలు కదలవు, తెరుచుకునేది వెనక తలుపొక్కటే. అందుకే టయోటా టకోమా లాంటి బండ్లకి కంపెనీవాళ్ళే గోడల మీద అల్యూమినియం రెయిల్స్ పెట్టి ఇస్తారు. మన పికప్‌లకి అలా కాదు. చాలావాటికి మూడు పక్కలా డోర్లే. మూటలు దించాలంటే పక్క డోరు కిందికి వాల్చేస్తాం. మరి ఆ డోరుని నిలబెట్టేది ఏంటి? కింద బందులు, చివర్లలో గొళ్ళేలు. అంతే. బీరువాని డోరుకి కట్టారనుకోండి, మలుపులో దాని తూగంతా ఆ గొళ్ళెం మీద పడుతుంది. గొళ్ళెం వదిలిందా, డోరూ బీరువా కలిసే రోడ్డు మీదకొస్తాయి. వెనక స్కూటర్ మీద వచ్చేవాడి గతేంటి?

కాబట్టి మన బండికి రెయిల్ వేయాల్సింది నేల మీద. పక్క డోరు పక్కనే, అంచు వెంబడి బండి పొడవునా ఒకటి ఇటు, ఒకటి అటు. మూడోది క్యాబిన్ వెనకున్న ముందు గోడకి అడ్డంగా, మోకాలి ఎత్తుకి కాస్త పైన. ఈ మూడూ చాలు.

ఏ రెయిల్ వేయాలి? విమానాల్లో సీట్లు బిగించే రకం పట్టా ఒకటి దొరుకుతుంది, గుండ్రటి కన్నాలు వరసగా ఉంటాయి. చాలా బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నేనైతే సోలార్ ప్యానెళ్ళు బిగించేవాళ్ళు, కేబుల్ ట్రేలు వేలాడదీసే ఎలక్ట్రీషియన్లు వాడే స్ట్రట్ చానల్ తెమ్మంటాను, అంటే పైన గాడి ఉండి, దాని పెదవులు లోపలికి మడిచిన ఇనప పట్టీ. జింక్ పూతతో వస్తుంది. వెడల్పు 41 మిల్లీమీటర్లు. ఎత్తు 41ది ఉంటుంది, 21ది ఉంటుంది. నేల మీదకి 21దే తీసుకోండి, కాలికి తగలదు. ముందు గోడకి 41ది వేసుకోవచ్చు. రేకు మందం రెండున్నర మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి. పలచటిది బిగువుకి పెదవి విచ్చుకుంటుంది. దాని లోపల జరిగే నట్టుకి పళ్ళు ఉండేది అడగండి, పళ్ళు లేనిది లాగుడికి పక్కకి జారుతుంది. ఆ నట్టుకి ఎం10 సైజు రింగు బోల్టు బిగిస్తే మీ కొక్కెం సిద్ధం. బండి పొడవుని బట్టి మూడు ముక్కలూ కలిపి పది, పదిహేను కిలోల బరువు. మోసే శక్తికి పెద్ద లోటేం రాదు.

ఇక అసలు సంగతి. రెయిల్ ఎంత గట్టిదైనా, అది పట్టుకునేది కింద ఉన్న రేకుని. వేసవిలో మా షెడ్డుకి ఒక బండి వచ్చింది. ఎక్కడో నేల రేకుకి నాలుగు రింగులు వెల్డింగ్ చేయించారు. ఒక రింగు లేచిపోయి, దాంతోపాటు అప్పచ్చంత రేకు ముక్క గుండ్రంగా ఊడొచ్చింది. వెల్డింగ్ చెక్కుచెదరలేదు, అతుకు చుట్టూ ఉన్న రేకే చిరిగింది. వేడికి పెయింటు, పూత కాలిపోయిన చోట అడుగువైపు నుంచి తుప్పు తినేసింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

అందుకని బోల్టులే వేయండి. బండి కిందికి దూరి చూస్తే నేల రేకు కింద అడ్డంగా క్రాస్ బేరర్లు కనపడతాయి. బాడీ బరువు మోసేవి అవే. వీలైనన్ని బోల్టులు వాటి మీదుగా పోయేలా చూసుకోండి. బేరర్ దొరకని చోట రేకు అడుగున మూడంగుళాల చదరం, 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు పెట్టి బిగించాలి. చిన్న వాషర్ పెట్టి సరేలే అంటే రేకుని కోసుకుని పైకొచ్చేస్తుంది. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి, ఎం10 సైజు. అడుగున నైలాన్ రింగున్న లాక్ నట్టు. అడుగున్నరకి ఒక బోల్టు, రెయిల్ రెండు కొసల్లోనూ తప్పనిసరిగా ఒక్కోటి. పైనుంచే రివెట్టులా నొక్కేసే నట్లు ఉంటాయి చూడండి, కిందికి దూరే పనిలేదు కాబట్టి కొందరు మేస్త్రులకి అవంటే ఇష్టం. నంబరు ప్లేటుకి పనికొస్తాయి.

డ్రిల్లు పెట్టేముందు ఒకరు కింద పడుకుని చూడాలి. డీజిల్ ట్యాంకు ఎక్కడుంది, బ్రేకు పైపు ఎటు పోతోంది, వెనక లైట్ల వైరింగు ఎక్కడ కట్టారు. సుద్దముక్కతో పైన గీసి, కింద గుర్తు పెట్టుకుని, ముందు 4 మిల్లీమీటర్ల బిట్టుతో చిన్న కన్నం వేయండి. కిందవాడు చూసి సరే అన్నాకే 11 బిట్టు పెట్టండి. కన్నం అంచుల్ని ఆకురాయితో నున్నగా చేసి, ఇనప పొట్టంతా అయస్కాంతంతో ఏరేయండి. మర్చిపోతే ఒక్క రాత్రి మంచుకే నేలంతా ఎర్రటి చుక్కలు తేలతాయి. తర్వాత కన్నం అంచుకి జింక్ ప్రైమర్. అది ఆరేదాకా టీ తాగి రండి, తొందరపడొద్దు. బోల్టు దింపేటప్పుడు తల కింద సీలెంటు రాయండి. మన నేల రేకు ముడతలు ముడతలుగా ఉంటుంది కదా, రెయిల్ మిట్టల మీదే ఆనుతుంది. బోల్టు పల్లంలో పడితే ఆ సందులో ఇనప పట్టీ ముక్క ప్యాకింగ్ పెట్టాలి. లేకపోతే బిగించేకొద్దీ రెయిల్ వంగుతుంది. నాలుగైదు కిరాయిలు తిరిగాక అన్ని నట్లూ ఇంకోసారి బిగించండి, కొత్తగా వేసినవి కొంచెం కుదురుకుని వదులవుతాయి.

ఏదైనా కారణంతో వెల్డింగ్ తప్పదంటే ముందు బ్యాటరీ వైర్లు తీయించండి. 2020 నుంచి వస్తున్న బీఎస్6 బండ్లలో ఇంజనుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. వెల్డింగ్ కరెంటు అటు పోతే రింగులకయ్యే ఖర్చుకి ఎన్నో రెట్లు వదులుతుంది. చాసిస్ మీద వెల్డింగ్ అన్న మాటే ఎత్తొద్దు.

రెయిల్ వేశాక తాడు మానేసి రాచెట్ బెల్టు (హ్యాండిల్ ఆడిస్తూ బిగించే పట్టీ) వాడండి. దాని లేబుల్ నీలం రంగులో ఉంటే పాలిస్టర్ అని యూరప్ లెక్క. అది అట్టే సాగదు. నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. లేబుల్ మీద రెండు అంకెలుంటే పెద్దది చూసి మురిసిపోకండి, అది తెగే బరువు. మీరు లెక్కేసుకోవాల్సింది చిన్నదే. ఎంత బలం కావాలంటారా, అమెరికా నిబంధనలూ యూరప్ ప్రమాణమూ ఒకే మాట చెప్తాయి: గట్టి బ్రేకుకి సరుకు తన బరువులో నూటికి 80 వంతుల బలంతో ముందుకి తోస్తుంది, మలుపులో 50 వంతులతో పక్కకి. వంద కిలోల బీరువా అంటే 80 కిలోల తోపుడు. అందుకే బరువైనదాన్ని ముందు గోడకి ఆనించి పెట్టమనేది. బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంచి ఎంత బెల్టు కట్టినా, బ్రేకు కొట్టినప్పుడు ఆ జానెడూ పరిగెత్తుకుని వచ్చి గుద్దుతుంది.

బెల్టు ఎంత నిటారుగా దిగితే అంత బాగా కిందికి నొక్కుతుంది. నేలకి 60 డిగ్రీల్లో దిగితే బిగువులో నూటికి 87 వంతులు కిందికే పనిచేస్తాయి, 30 డిగ్రీల్లో వాలితే సగమే. జరిపే కొక్కెం ఉపయోగం ఇదే, సామాను పక్కకి తెచ్చుకుని బిగించుకోవచ్చు. కింద పాత కన్వేయర్ బెల్టు ముక్కో, రబ్బరు మ్యాటో పరవండి. వట్టి రేకు మీద జారినట్టు దాని మీద జారదు. గీతల గొడవంటారా, బెల్టు అంచుని తాకే చోట కారు ట్యూబు ముక్క కోసి పెట్టండి. ఫ్రిజ్‌కి నేరుగా బెల్టు బిగిస్తే రేకు సొట్టపోతుంది, మధ్యలో ప్లైవుడ్ ముక్క ఉండాలి.

ఎఫ్‌సీ గురించి: బండి వివరాలు ఆర్‌సీలో రాసినట్టే ఉండాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. మీరు పొడవు పెంచట్లేదు, ఎత్తు పెంచట్లేదు. డోరు బయటికి ఏదీ పొడుచుకు రాకూడదు, రెయిల్ కొసలు పదునుగా ఉండకూడదు. అయినా బిగించకముందే మీ ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడిగి పెట్టుకోండి, అడగడానికి డబ్బులు పోవు. కంపెనీ వారంటీ నడుస్తుంటే షోరూం వాళ్ళని కూడా అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి.

ఒక్క చికాకు మాత్రం ఉంది. నేల మీద చానల్ వేశాక మీరు ధాన్యమో ఇసకో తోలారంటే గాడి నిండా అదే. తోలాలనుకుంటే రెయిల్ మానేసి మడుచుకునే రింగులు ఆరు, కింద ప్లేట్లతో, వేయించుకోండి. ఫర్నిచర్ ఒక్కటే అయితే రెయిలే మేలు.

ప్రశ్న: అన్నా, మాది టెంట్ హౌస్. షామియానా పైపులు కట్టలు కట్టి బండిలో వేస్తాం. పైనుంచి ఎంత బిగించినా బ్రేకు వేస్తే మధ్య పైపులు ముందుకి జారి క్యాబిన్‌కి కొడుతున్నాయి. ఆయన పోయాక వ్యాపారం నేనే చూసుకుంటున్నా, డ్రైవర్ నా మాట వినడు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అమ్మా, పైనుంచి వేసిన బెల్టు పై వరస పైపుల్నే నొక్కుతుంది. లోపలి పైపుని పట్టుకునేది ఏమీ లేదు. బెల్టుని కట్ట చుట్టూ పూర్తిగా రెండు చుట్లు తిప్పి బిగించమనండి, కట్ట మొత్తం నలుగుతుంది. పెద్ద కట్టలు వద్దు, ఒక మనిషి కౌగిలికి వచ్చేంతవే కట్టాలి. ముందు గోడకి లోపలివైపు మందపాటి చెక్క పలక బిగించండి, పైపుల కొసలన్నీ దానికి ఆని ఉండాలి. జారడానికి చోటే లేకపోతే జారవు. డ్రైవర్ వినకపోతే ఒక పని చేయండి. ఆ పైపులు వచ్చి కొట్టేది ఎవరి వీపు వెనకో అతన్నే అడగండి.

ప్రశ్న: ఏస్ బండిలో కడియం నుంచి పెద్ద మొక్కలు, కుండీలతో సహా హైదరాబాదు తోలుతున్నాను. తాడు కాండానికి కడితే బెరడు లేచిపోతోంది. రెయిల్స్ పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, కడియపులంక

జవాబు: మీకు రెయిల్ కన్నా అడ్డ చెక్కలు పనికొస్తాయి. రెండు వరసల కుండీల మధ్య నేల మీద చెక్క పట్టీ అడ్డంగా వేసి, దాని కొసల్ని రింగులకి కట్టండి. కుండీ అడుగు కదలకపోతే మొక్క దానంతటదే నిలుస్తుంది. పైన ఆకుల గుబురుకి వల వేయండి, గాలికి చిరగదు. కాండాన్ని కట్టడం మానేయండి. కట్టక తప్పనంత పెద్ద చెట్టయితే గోనెపట్టా రెండు మడతలు చుట్టి దాని మీద వెడల్పు బెల్టు వేయండి, సన్నతాడు వద్దు.

ప్రశ్న: మాది గుంటూరు, ఉండేది డాలస్ దగ్గర. 2018 ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. బైకు తీసుకెళ్ళడానికి రెయిల్స్ బిగిద్దామనుకుంటున్నా. మీరు చెప్పిన పద్ధతే పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: పద్ధతి అదే, లోహం వేరు. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. దానికి మామూలు ఉక్కు బోల్టు నేరుగా తగిలి, నీళ్ళు చేరితే అల్యూమినియమే తినేస్తుంది. తెల్లటి పొడి రాలుతుంటే అదే. రెండు లోహాలూ తగలకుండా నైలాన్ వాషర్, బోల్టు చుట్టూ సీలెంటు ఉండాలి. అడుగు ప్లేటు కూడా అల్యూమినియందే వేయండి. అసలు కన్నం వేసేముందు మీ బండి పక్క గోడల్లో బాక్స్‌లింక్ ప్లేట్లు ఉన్నాయేమో చూడండి, ఫోర్డ్ అప్పటి బండ్లలో కొన్నిటికి ఇచ్చింది. ఉంటే దానికి కొక్కేలు కొనుక్కోవడమే, డ్రిల్లు అక్కర్లేదు. మీ గోడలు కదిలేవి కావు కాబట్టి తెనాలి తమ్ముడికి డోర్ల గురించి చెప్పింది మీకు వర్తించదు. బైకుకి ముందు చక్రం గోడకి ఆనించి, ముందు రెండు బెల్టులు ఫోర్కు నుంచి ముందుకీ కిందికీ లాగాలి, వెనక రెండు వెనక్కి. ఫోర్కు పూర్తిగా నొక్కుకుపోయేలా బిగించకండి, సీళ్ళు పోతాయి. సైడ్ స్టాండు వేసి కట్టొద్దు.

ప్రశ్న: రాచెట్ బెల్టు బిగించాక విప్పడం రావట్లేదు. ప్రతిసారీ సుత్తి తీయాల్సి వస్తోంది.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: హ్యాండిల్ మధ్యలో ఉన్న నాలికని వేళ్ళతో లాగి పట్టుకునే, హ్యాండిల్‌ని పూర్తిగా తెరిచి బల్లపరుపుగా అయ్యేదాకా తిప్పాలి. మీరు సగంలో ఆపుతున్నారు. అయినా రాకపోతే బెల్టు మడతలు పడి కుదురు మీద బాగా లావుగా చుట్టుకుని ఉంటుంది. ఈసారి బిగించేముందు వదులు బట్టంతా చేత్తో లాగేసి, ఆ తర్వాత రాచెట్ తిప్పండి, రెండు మూడు చుట్లకి మించకూడదు. పళ్ళకి ఒక చుక్క నూనె వేయండి, బట్ట మీద పడనివ్వకండి. సుత్తి దెబ్బలు తిన్న రాచెట్‌ని మాత్రం ఇక వాడొద్దు, కొత్తది కొనండి.