రెండేళ్లకోసారి వచ్చే అంగారకుడు ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా ఎందుకు?

ప్రశ్న: అంగారకుడు 2018 జులైలో నిప్పుకణికలా వెలిగాడు. 2025 జనవరిలో అంతగా అనిపించలేదు. రెండుసార్లూ ‘దగ్గరికొచ్చాడు’ అనే రాశారు కదా? మళ్ళీ ఎప్పుడొస్తాడో మేమే లెక్కకట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు లెక్క చూద్దాం. సూర్యుణ్ణి చుట్టిరావడానికి భూమికి 365.25 రోజులు, అంగారకుడికి 687 రోజులు పడుతుంది. ఈ రెంటినీ గుణించి, వాటి తేడా 321.75తో భాగించండి. 780 రోజులు వస్తుంది. లోపలి దారిలో తిరిగే భూమి అంగారకుణ్ణి మళ్ళీ అందుకోవడానికి పట్టే కాలం ఇది.

దీన్ని నమ్ముకుని తేదీ కడితే మాత్రం దెబ్బతింటారు. 2025 జనవరి 16న అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నాడు, అంటే భూమి అతణ్ణి అందుకున్న రోజు అది. దానికి 780 కలిపితే 2027 మార్చి 7. అసలు తేదీ ఫిబ్రవరి 19! 780 అనేది సగటు మాత్రమే. అంగారకుడి కక్ష్య కోలగా ఉంటుంది: సూర్యుడికి ఒక కొసన 20.7 కోట్ల కిలోమీటర్లు, రెండో కొసన 24.9 కోట్లు. దూరపు కొసన మెల్లగా నడుస్తాడు, భూమి త్వరగా పట్టేస్తుంది. అందుకే ఈసారి 764 రోజులే. దగ్గరి కొసన అతనిదీ పరుగే. 2018 జులై 27 తర్వాత 2020 అక్టోబర్ 13న గానీ దొరకలేదు, 809 రోజులు.

పెద్దగా, చిన్నగా కనిపించడానికీ ఈ కోలతనమే కారణం. భూమి ఏటా ఆగస్టు చివర్లో ఆ దగ్గరి కొస వైపు, ఫిబ్రవరి చివర్లో దూరపు కొస వైపు ఉంటుంది. కలయిక ఏ నెలలో పడిందన్నదే అసలు సంగతి. 2003 ఆగస్టు 27న మన నుంచి అంగారకుడి దూరం 5.58 కోట్ల కిలోమీటర్లు, 2018లో 5.76 కోట్లు, 2025లో 9.6 కోట్లు. 2027లో 10.1 కోట్లు, అంటే ఇంకా చిన్నగా. మళ్ళీ 5.7 కోట్లకు రావడం 2035 సెప్టెంబర్‌లోనే.

అలాగని 2027ను వదులుకోకండి. అప్పుడు మఖ నక్షత్రం దగ్గర ఉంటాడు, అర్ధరాత్రికి మనకు దాదాపు నడినెత్తిన. ఆకాశంలో దిగువన ఉన్న గ్రహం బొమ్మ గాలి పొరల్లో మరిగే నీళ్ళలా కదులుతుంది. నడినెత్తిన ఆ బాధ తక్కువ. 2018లో అంత దగ్గరికొచ్చినా, అంగారకుడి మీది దుమ్ముతుఫాను అక్కడి నేలనంతా కప్పేసింది.

ప్రశ్న: ఆగస్టులో అంగారకుడు చందమామంత కనిపిస్తాడని ఏటా వాట్సాప్‌లో వస్తుంది. నిజమేనా?
– ఒక విద్యార్థి, ఏలూరు

జవాబు: కాదు. డిగ్రీలో 3600వ వంతును సెకను అంటాం. చందమామ వెడల్పు సుమారు 1800 సెకన్లు. 2003లో అంగారకుడిది 25. టెలిస్కోపులో 75 రెట్లు పెంచి చూస్తే మామూలు కంటికి చందమామంత ఉంటాడన్నది అప్పటి మాట. అందులో టెలిస్కోపు మాట ఎగిరిపోయి, మిగిలింది ఊరంతా తిరుగుతోంది. 2027లో వెడల్పు 13.8 సెకన్లే కాబట్టి 130 రెట్లు కావాలి: 1200 మిల్లీమీటర్ల ఫోకల్ దూరమున్న టెలిస్కోపుకు 9 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించే కటకం) సరిపోతుంది, 1200ను 9తో భాగిస్తే 133 రెట్లు కాబట్టి.