నీ చార్టులో తొమ్మిదో వరుస

చిరంజీవి బుజ్జికి,
అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

డీఎస్సీలో నీకు స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు వచ్చిందని, బుట్టాయగూడెం వైపు పోస్టింగు ఇచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వినగానే దేవుడి గదిలో దీపం పెట్టాను. తర్వాత కూర్చుని భయపడ్డాను. ఏజెన్సీ, దోమలు, జంగారెడ్డిగూడెం నుంచి సాయంత్రం బస్సు. వాటి సంగతి చివర్లో రాస్తాను. నిన్న రాత్రి వాట్సాప్‌లో నువ్వు పంపిన చార్టు చూశాక ఆ భయాలన్నీ పక్కకి పోయి ఇంకొకటి పట్టుకుంది.

చార్టు ముద్దుగా ఉంది. క్రియ ముందు చేరి వీలు, అనుమతి, అవసరం లాంటివి చెప్పే మోడల్ మాటలు, కెన్ నుంచి యూజ్డ్ టు దాకా పదమూడు వరుసలు, ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, అది మీ తాతయ్య పోలిక. తొమ్మిదో వరుసలో "మస్ట్ = తప్పనిసరిగా" అని రాసి కింద ఎర్రగీత కొట్టావు. అక్కడికొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను. నలభై ఏళ్ళ కిందట నా నోట్సులోనూ అదే ఉండేది. గీతతో సహా.

తేలికవి ముందు చెప్పేస్తాను. మోడల్ తర్వాత క్రియకి ఏ తోకా ఉండదు. షి కెన్ స్పీక్, అంతే, స్పీక్స్ కాదు. రెండు మోడళ్ళు పక్కపక్కన కూర్చోవు. ఆట్‌కి, యూజ్డ్‌కి తప్ప వెనకాల టు పెట్టరు. దీనికి ఒక పీరియడ్ చాలు, చార్టు దండగ. "కుడ్‌లో ఎల్ పలకనప్పుడు రాయడం ఎందుకు మేడమ్" అని ఎవడో గడుగ్గాయి లేస్తాడు. వాణ్ణి కసురుకోకు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి ఎల్ లేదు. విల్ నుంచి వచ్చిన వుడ్‌కీ, షల్ నుంచి వచ్చిన షుడ్‌కీ ఉందని చూసి దీనికీ తగిలించారు. పెళ్ళికి పక్కింటివాళ్ళ నగ పెట్టుకెళ్ళినట్టన్నమాట.

కెన్ ఎదురుగా "గలను" అని రాశావు. ఈత గురించి అడిగితే "నేను ఈదగలను" అని ఎవరంటారే? "నాకు ఈత వచ్చు" అంటాం. మీ అమ్మ నిన్నెప్పుడైనా "తలుపు తీయగలవా" అని అడిగిందా? "తలుపు తియ్యవే" అంటుంది. మన "వచ్చు" ఒక్కటే మూడు పనులు చేస్తుంది: ఈత వచ్చు, ఇంక ఇంటికి వెళ్ళొచ్చు, రాత్రికి వాన రావచ్చు. ఇంగ్లీషులో మొదటిది కెన్. రెండోది కెన్ అయినా మే అయినా సరే. మూడోది మే, లేకపోతే మైట్. పిల్లలకి ఈ మూడు వాక్యాలూ ఇచ్చి విడదీయమను. వాళ్ళకి తెలిసిన దాంట్లోంచే ఇంగ్లీషు బయటికొస్తుంది. "నిన్న బస్సు అందుకోగలిగాను" అన్నదాన్ని మాత్రం కుడ్‌తో చెప్పనివ్వకు, అక్కడ వజ్ ఏబుల్ టు కావాలి. అందుకోలేకపోతే కుడెంట్ హాయిగా పెట్టుకోవచ్చు. ఈ తేడా నాకు సర్వీసు సగం గడిచాకగానీ తెలియలేదు.

వుడ్ అంటే విల్‌కి భూతకాలం అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మీ తాతయ్య సాయంత్రం రేడియో అరుగు మీదికి తెచ్చుకునేవారు. నన్ను పక్కన కూర్చోబెట్టి ఇంగ్లీషు వార్తలు వినమనేవారు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయనకీ అయ్యేది కాదని పెద్దయ్యాక తెలిసింది. అయినా రోజూ తల ఊపుతూ వినేవారు. ఈ "ఏవారు"లన్నీ వుడ్‌తో చెప్పొచ్చు, యూజ్డ్ టుతోనూ చెప్పొచ్చు. అరుగు పక్కన వేపచెట్టు ఉండేదని చెప్పాలంటే మాత్రం వుడ్ పనికిరాదు, యూజ్డ్ టు బీ ఒక్కటే. చేసే పనికి రెండూ, ఉన్న స్థితికి ఒకటే. ఆ చెట్టు ఇప్పుడు లేదులే.

ఇక తొమ్మిదో వరుస.

1986 జూలై. తణుకు దగ్గర హైస్కూల్లో నాకు రెండో ఏడు. పదో తరగతి అప్పుడే పాసైన పిల్లాడొకడు సాయంత్రం బడి వరండాలో నాకోసం నిలబడ్డాడు. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. ఏదో సాంకేతిక శిక్షణకి దరఖాస్తు తెచ్చుకున్నాడు, మొత్తం ఇంగ్లీషే. బయట వాన, నా బస్సు టైమైపోతోంది, గొడుగు సగం విప్పాను. చివరి పేరా మీద వేలు పెట్టి అర్థం అడిగాడు. "ఒరిజినల్ సర్టిఫికెట్స్ మస్ట్ నాట్ బీ ఎన్‌క్లోజ్డ్" అని ఉంది. మస్ట్ అంటే తప్పనిసరి, నాట్ అంటే కాదు. "తప్పనిసరి కాదురా" అన్నాను. అక్కడితో ఊరుకున్నా కొంత నయం. "పెడితే మంచిదే, వాళ్ళకి నమ్మకం కుదురుతుంది" అని కూడా అన్నాను. వాడు తలూపాడు. నేను పరిగెత్తి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. అది కూడా గుర్తుంది చూడు.

అసలు మార్కుల లిస్టే కవర్లో పెట్టి పోస్టు చేశాడు. రెండు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. వెళ్ళి అడిగితే, ఒరిజినల్స్ పంపొద్దని రాసే ఉందిగా, మాకు సంబంధం లేదన్నారట. నకలు కోసం పోలీసు కాగితం, అఫిడవిట్, చలానా, హైదరాబాదుకి ఉత్తరాలు. అది చేతికొచ్చేసరికి ఆ ఏడు గడిచిపోయింది. ఆ ఏడంతా వాళ్ళ నాన్నతో దింపుకి వెళ్ళాడు, తర్వాత ఇంక చదువు జోలికి రాలేదు. ఒకసారి బడికొచ్చి "నేనే సరిగ్గా చదువుకోలేదండి టీచరుగారూ" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "పోనీలేరా, ఆఫీసులవాళ్ళు అంతే" అన్నాను. అప్పటికి అదే నిజమనుకున్నాను.

1991లో ట్రైనింగుకి హైదరాబాదు పంపారు. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారే, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, అప్పుడు అది సీఫెల్ అనే సంస్థ. మేష్టారు బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు, ఒకటి మస్ట్ నాట్, ఒకటి నీడ్ నాట్. మస్ట్ పక్కనున్న నాట్, ఆ మస్ట్ మీద పడదు, వెనకున్న పని మీద పడుతుందన్నారు. అంటే పంపకపోవడమే తప్పనిసరి. నీడ్ నాట్‌లోనూ, డోంట్ హావ్ టులోనూ నాట్ వెళ్ళి అవసరం మీద పడుతుంది, పంపాల్సిన అవసరం లేదని. నేను నోట్సు రాయడం ఆపేశాను. టీకి అందరూ లేచి వెళ్ళారు, నేను లేవలేదు.

ఇంతకీ దానికి ట్రైనింగు కావాలా? కూడదుకీ అక్కర్లేదుకీ తేడా తెలియని తెలుగు పిల్లాడున్నాడా? రేపు బడికి వెళ్ళక్కర్లేదంటే గంతేస్తాడు, వెళ్ళకూడదంటే ఎందుకని అడుగుతాడు. మస్ట్ నాట్ కూడదు, నీడ్ నాట్ అక్కర్లేదు. నాకు పుట్టుకతో వచ్చిన మాటలు రెండూ నోట్లోనే ఉన్నాయి, నేను మాత్రం నోట్సులో మాట వెతుక్కున్నాను. అందుకే నీ చార్టులో ప్రతి వరుసకీ ఇంకో గడి గియ్యమంటున్నాను, నాట్ చేరితే ఏమవుతుందో రాయడానికి. అర్థాలు తిరగబడేది అక్కడే. పిల్లలు అడిగింది నీకు గట్టిగా తెలియకపోతే "రేపు చెప్తాను" అను. బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

హైదరాబాదు నుంచి అతనికి ఇన్‌లాండ్ లెటరు రాశాను. పోస్టు చెయ్యలేదు. ఇప్పుడు పెనుగొండ దగ్గర ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ దారిన వెళితే లేచి నిలబడి కుర్చీ తుడిచి వేస్తాడు. షుడ్ ఎదురుగా నువ్వు "చేయాలి" అని రాశావు కదా, దానికి హావ్ తగిలించి చూడు. ఐ షుడ్ హావ్ టోల్డ్ హిమ్. చెప్పాల్సింది. చెప్పలేదు.

అతనికి తెలుసా అని ఆలోచిస్తూ ఉంటాను. కూతుర్ని ఇంజినీరింగ్ చదివించాడు, ఇంట్లో ఎప్పుడో ఆ కాగితం మాట వచ్చే ఉంటుంది, తెలిసే ఉంటుంది అనిపిస్తుంది. అది మస్ట్ హావ్ ఫౌండ్ అవుట్. కుర్చీ తుడుస్తుంటే చూసినప్పుడు తెలిసి ఉండదులే అనుకుంటాను. అది కాంట్ హావ్ ఫౌండ్ అవుట్. మిగతా రోజుల్లో తెలిసి ఉండొచ్చు. మే హావ్ ఫౌండ్ అవుట్. ఊహ చెప్పేటప్పుడు మస్ట్‌కి ఎదురుమాట మస్ట్ నాట్ కాదు, కాంట్. ఇది కూడా ఆ కొత్త గడిలో రాయి.

షల్ పాతబడిందని చార్టులోంచి తీసేద్దామనుకుంటున్నానన్నావు. ఐ, వియ్ పక్కన షల్, మిగతావాటికి విల్ అని మాకు బెత్తంతో నేర్పిన సూత్రం పోతే పోయింది, నాకేం బాధ లేదు. కానీ చట్టం రాసేచోట షల్ ఇంకా బతికే ఉంది. రాజ్యాంగం 45వ అధికరణంలో మొదట, పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత చదువు అందించేందుకు రాజ్యం "షల్ ఎండెవర్" అని రాసుకున్నారు. ప్రయత్నించాలి, అంతే. 2002లో 86వ సవరణతో 21ఎ వచ్చాక ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి "షల్ ప్రొవైడ్" అయింది. ప్రయత్నం పోయి బాధ్యత వచ్చింది. ఎలా అందించాలన్నది మాత్రం రాజ్యం "మే" నిర్ణయించుకోవచ్చట, అదే వాక్యం చివర. షల్, మే రెండూ ఒకే వాక్యంలో ఇంత చక్కగా ఇంకెక్కడ దొరుకుతాయి? పైగా అది నీ క్లాసు పిల్లల గురించే.

ఇంకో మాట. నీ క్లాసులో కోయ పిల్లలుంటారు. ఇంట్లో కోయ మాట్లాడి, బడికొచ్చి తెలుగు నేర్చుకున్నవాళ్ళకి నీ కుడివైపు వరుస కూడా పరాయిదే. చెయ్యొద్దని మీ అమ్మ ఎలా అంటుంది, చెయ్యక్కర్లేదని ఎలా అంటుంది అని వాళ్ళనే అడుగు. చెప్పింది బోర్డు మీద రాసి, పక్కన ఇంగ్లీషు రాయి. నాకు కోయ రాదు. నువ్వు నేర్చుకుంటే సెలవులకి వచ్చినప్పుడు ఆ రెండు మాటలూ నాకు చెప్పు.

పాఠ్యపుస్తకం వాక్యాలతోనే సరిపెట్టకు. బ్యాంకు ఫారాలు, హాల్ టికెట్లు, బస్టాండు నోటీసులు క్లాసుకి పట్టుకెళ్ళు. హాల్ టికెట్ మీద "క్యాండిడేట్స్ షుడ్ బ్రింగ్" అని ఉంటే అది సలహా కాదనీ, మన ఆఫీసుల ఇంగ్లీషులో షుడ్ అన్నా తప్పదనే అర్థమనీ చెప్పు. ఒక్కో కాగితం అందరిచేతా చదివించు. నాకు కాగితాలంటే భయం అని మీ నాన్న నవ్వుతాడు. నవ్వనీ.

దోమతెర పట్టుకెళ్ళాలి, మీ అమ్మ మర్చిపోతుంది, నువ్వే పెట్టుకో. పరుపు అక్కర్లేదు, అక్కడ మంచం దొరుకుతుంది. జ్వరం తగిలితే మెడికల్ షాపువాడి మాట మీద మాత్రలు మింగి ఊరుకోకూడదు, వెంటనే రక్తపరీక్ష చేయించుకో. ఆఖరి బస్సు ఎక్కకూడదు. ఆవకాయ ఈ ఆదివారం మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. సీసా ఖాళీ అయ్యాక కడిగి తిరిగి పంపించు, అది మీ తాతమ్మది.

ఇట్లు,
మీ అత్తయ్య